అక్క పేరు టెకమపీస్

1779 వసంతం. ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న షానీ తెగ ఊళ్లు రెండుగా చీలిపోయాయి. తెల్లవాళ్లతో ఈ తగవు ఇక మన వల్ల కాదు, మిసిసిపీ దాటి స్పెయిన్ ఏలుబడిలోని నేలకు పోదాం అని ఒక వర్గం పట్టుబట్టింది. తాతలను పాతిపెట్టిన చోటు వదిలి ఎక్కడికి పోతాం అని ఇంకో వర్గం మొండికేసింది. పోదామన్నవాళ్లు మూటాముల్లే సర్దుకుని పడమటి దారి పట్టారు. వాళ్లలో మెథోటాస్కే అనే ఆవిడ ఉంది. ఆమె భర్త ఐదేళ్ల కిందటే యుద్ధంలో పోయాడు. ఆమె వెళ్లిపోయింది, పిల్లలు ఉండిపోయారు. పెళ్లయిన పెద్ద కూతురికి అప్పటికి ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయి. ఆ పిల్ల చేతికి పదకొండేళ్ల తమ్ముడు ఒకడు, నాలుగేళ్ల తమ్ముడు ఒకడు వచ్చారు.

పదకొండేళ్లవాడు టెకమ్‌సే. తర్వాతి రోజుల్లో పది, పన్నెండు తెగలను ఒక్క మాట మీదకు తెచ్చి, అమెరికా సైన్యాలను నిద్రపోనివ్వని నాయకుడు. నాలుగేళ్లవాడు లాలవెథికా. ముప్పై ఏళ్లకు టెన్స్‌క్వాటవా అని పేరు మార్చుకుని ప్రవక్త అయ్యాడు.

అక్క పేరు టెకమపీస్.

తమ్ముడి పేరు అమెరికాలోనూ కెనడాలోనూ ఎన్నో ఊళ్లకు ఉంది. అంతర్యుద్ధంలో జార్జియాను తగలబెట్టుకుంటూ పోయిన జనరల్ షెర్మన్‌కు కూడా తండ్రి పెట్టిన పేరు విలియం టెకమ్‌సే షెర్మన్. 1841లో సిన్సినాటిలో అచ్చయిన బెంజమిన్ డ్రేక్ పుస్తకం మొదలుకొని టెకమ్‌సే జీవిత చరిత్రలకు కొదవ లేదు. వాటిలో అక్కకు దక్కేది ఒక పేరా, మహా అయితే ఒక పేజీ. ఆ ఒక్క పేజీని పట్టుకుని, దాని చుట్టూ ఆ కాలాన్ని పరిచి చూడాలన్నదే ఈ స్మారక ఉపన్యాసం ఉద్దేశం. యాభై ఏళ్ల పాటు ఇల్లు కాలిపోతూ ఉన్న జాతి చెదిరిపోకుండా నిలబడిందంటే, ఆ పని యుద్ధరంగంలో మాత్రమే జరిగి ఉండదు. పొయ్యి దగ్గర, పొలంలో, తల్లిలేని పిల్లల పక్కన కూడా జరిగి ఉండాలి. టెకమపీస్ బతుకు ఆ వైపు నుంచి కనిపించే చరిత్ర.

ఆమె 1758 ప్రాంతంలో పుట్టింది. తండ్రి పకెషిన్వా షానీల యుద్ధ నాయకుల్లో ఒకడు. ఆమెకు పదేళ్లప్పుడు, 1768 నవంబరులో, ఎక్కడో న్యూయార్క్ ప్రాంతంలోని ఫోర్ట్ స్టాన్‌విక్స్‌లో ఒక ఒప్పందం జరిగింది. ఒహాయో నదికి దక్షిణాన ఉన్న నేలను ఇరొక్వా తెగల కూటమి బ్రిటిష్ వాళ్లకు రాసిచ్చేసింది. ఆ నేలలో ఏటా వేటకు పోయేది షానీలు. వాళ్లను ఎవరూ అడగలేదు. కెంటకీ అనే మాట చుట్టూ ఆ తర్వాత పారిన నెత్తురంతా ఆ కాగితం నుంచే మొదలైంది.

1774 అక్టోబరు 10న ఒహాయో, కనావా నదులు కలిసే పాయింట్ ప్లెజెంట్ దగ్గర వర్జీనియా సైన్యంతో షానీలు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పోరాడారు. పకెషిన్వా అక్కడే నేలకొరిగాడు. పెద్దకొడుకు చీసీకౌ తండ్రి పక్కనే ఉన్నాడు. ఇంటి పరువు నిలబెట్టమని, తమ్ముళ్లను యోధులుగా తీర్చమని తండ్రి ఆఖరి మాటగా చెప్పాడని తర్వాత ఇంటివాళ్లు చెప్పుకున్నారు. లాలవెథికా పుట్టింది ఆ తర్వాత కొన్ని నెలలకు. తండ్రి ముఖం చూడలేదు, నాలుగేళ్లకే తల్లి నీడ పోయింది.

కాబట్టి ఆ ఇంట్లో పని రెండుగా పంచుకున్నట్టయింది. వేట, యుద్ధం నేర్పడం అన్న చీసీకౌ వంతు. తిండి, బట్ట, బుద్ధి, మాట తీరు అక్క వంతు. చీసీకౌ టెకమ్‌సేను వెంటేసుకుని దక్షిణాదికి వెళ్లి, 1792లో నాష్‌విల్ దగ్గర ఒక కోట మీద దాడిలో చనిపోయాడు. ఇంకో తమ్ముడు సౌవసీకౌ 1794లో ఫాలెన్ టింబర్స్ యుద్ధంలో పోయాడు. అక్క వంతు పని మాత్రం ఆగలేదు.

ఆ పని ఎలాంటిదో దగ్గరగా చూడాలి.

షానీ ఊరంటే ఒక పక్క అడవి, ఒక పక్క నది, మధ్యలో బెరడు ఇళ్లు, వాటిని ఆనుకుని మైళ్ల పొడవునా మొక్కజొన్న చేలు. ఇల్లు కట్టడానికి ఎల్మ్ చెట్టు బెరడు కావాలి. వసంతంలో చెట్టులో జీవం పైకెక్కే రోజుల్లోనే బెరడు పెద్ద పలకలుగా ఊడి వస్తుంది. దాన్ని నేల మీద పరిచి, రాళ్లు పెట్టి చదును చేసి, పాతిన గుంజలకు కట్టాలి. చేను ఆడవాళ్లది. గుంపులుగా మట్టి కుప్పలు చేసి, కుప్పకు నాలుగైదు గింజలు నాటి, మొక్క మోకాలెత్తు వచ్చాక దాని మొదట్లో చిక్కుడు వేసేవారు. తీగకు మొక్కజొన్న కర్రే పందిరి. కింద గుమ్మడి పాకి నేలను కప్పేస్తే కలుపు లేవదు, తడి ఆరదు. అంతర పంటలు ఎరిగిన తెలుగు రైతుకు ఈ తెలివి విడమరిచి చెప్పనక్కర్లేదు.

కోత అయ్యాక ఇంకో పని. ఎండిన గింజ పైతొక్క గట్టిది. కట్టెల బూడిద కలిపిన నీళ్లలో గింజల్ని ఉడికిస్తే తొక్క వదులవుతుంది. బుట్టలో పోసి, పారే నీటిలో ముంచి, చేతులతో రుద్ది రుద్ది కడిగితే తొక్కంతా కొట్టుకుపోయి తెల్లగా ఉబ్బిన గింజ మిగులుతుంది. చూసేవాళ్లకు ఇది రుచి కోసం చేసిన పనిలా ఉంటుంది. అసలు మేలు వేరే ఉంది. మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిన్ మామూలుగా వండితే ఒంటికి పట్టదు, బూడిద నీళ్లలో ఉడికితేనే పడుతుంది. ఆ కిటుకు తెలియకుండా మొక్కజొన్న ఒక్కటే తిన్న యూరప్ పల్లెల్లో పెలాగ్రా రోగం తాండవించింది. షానీ ఆడవాళ్ల చేతుల్లో ఆ ఇబ్బంది రాలేదు. ఒక పొయ్యి, ఒక బుట్ట, ఇంత బూడిద. తల్లి దగ్గర కూతురు చూసి నేర్చుకునే విద్య. టెకమపీస్ తమ్ముళ్లకు పెట్టిన తిండి ఇదే.

ఇక 1780 ఆగస్టు. జార్జ్ రోజర్స్ క్లార్క్ అనే సేనాని దాదాపు వెయ్యిమందితో ఒహాయో నది దాటి వచ్చాడు. చిలికాతీ ఊరిని జనం తామే తగలబెట్టి ఖాళీ చేశారు. మ్యాడ్ నది ఒడ్డున పికవే దగ్గర పోరు జరిగింది. ఫిరంగి ముందు విల్లు, తుపాకీ నిలవలేదు. జనం అడవిలోకి తప్పుకున్నాక సైన్యం రెండు రోజులు వేరే పని పెట్టుకుంది. ఎనిమిది వందల ఎకరాలకు పైగా మొక్కజొన్న నరికేశామని క్లార్క్ వర్జీనియా గవర్నర్ జెఫర్సన్‌కు రాసుకున్నాడు.

ఎనిమిది వందల ఎకరాలు. ఆగస్టు నెల. పాలకంకి గట్టిపడే సమయం. ఆ లెక్కను ఒక పల్లెటూరి మనిషి చెవితో వినాలి. చంపింది పదిమందినో ఇరవై మందినో కావచ్చు. నరికింది మాత్రం వచ్చే వసంతం దాకా బతకాల్సిన ఊరి గాదె. ఆ చలికాలం మగవాళ్లు వేట మీద ఆధారపడ్డారు. ఆడవాళ్లు మళ్లీ విత్తనం దాచి, మళ్లీ కొత్తచోట బెరడు ఒలిచారు. 1782 నవంబరులో క్లార్క్ మళ్లీ వచ్చాడు, ఈసారి గ్రేట్ మయామీ ఒడ్డున ఉన్న ఊళ్లమీదికి. 1786 శరత్కాలంలో బెంజమిన్ లోగన్ వచ్చి మ్యాడ్ నది మీది ఊళ్లను కాల్చాడు. ఏడేళ్లలో మూడుసార్లు. ఊరు కాలినప్పుడల్లా షానీలు కొత్త ఊరికి పాత పేరే పెట్టుకునేవారు. అందుకే ఒహాయో పటంలో ఇన్ని చిలికాతీలు, ఇన్ని పికవేలు. పేరును మోసుకుపోవడం తేలిక, గింజను మోసుకుపోవడం కష్టం. ఆ కష్టం ఎవరిదో చెప్పనక్కర్లేదు.

తెల్లవాళ్ల పుస్తకాల్లో ఈ ప్రాంతానికి ఫ్రాంటియర్ అని పేరు. ఆ ఫ్రాంటియర్ మీద ఒక ఆడపిల్ల కథ చెప్పమంటే అమెరికా వెంటనే జెమీమా బూన్ కథ చెబుతుంది. 1776 జూలైలో తెల్ల వలసదారు డేనియల్ బూన్ కూతురు, పదమూడేళ్ల జెమీమాను, ఇంకో ఇద్దరు ఆడపిల్లలను షానీ, చెరకీ మనుషులు పడవలోంచి ఎత్తుకుపోయారు. మూడో రోజుకు తండ్రి వెంటాడి విడిపించుకున్నాడు. ఆ మూడు రోజులు బొమ్మలకెక్కాయి. ఫెనిమోర్ కూపర్ నవల 'లాస్ట్ ఆఫ్ ది మోహికన్స్'కు ప్రేరణ అయ్యాయి. జెమీమా భయం నిజమే, ఆ తండ్రి ఆత్రం నిజమే. కానీ అదే అడవిలో, అదే ఏళ్లలో, వయసులో జెమీమా కన్నా కొద్దిగా పెద్దదైన ఒక షానీ యువతి మూడుసార్లు ఇల్లు కాలాక కూడా తమ్ముళ్లను పస్తు పెట్టకుండా పెంచింది. ఆ బొమ్మ ఎవరూ గీయలేదు.

ఇంకా విచిత్రం ఏమిటంటే, టెకమ్‌సే కథకు నాయిక కావాలనుకున్నవాళ్లు కూడా ఆమె దగ్గరకు రాలేదు. ఒహాయోలో స్థిరపడ్డ గాలవే అనే తెల్ల కుటుంబంలోని రెబెకా అనే అమ్మాయి టెకమ్‌సేకు ఇంగ్లీషు నేర్పిందనీ, షేక్‌స్పియర్ చదివి వినిపించిందనీ, అతను పెళ్లాడతానంటే షానీ పద్ధతులు వదులుకోమని షరతు పెట్టిందనీ ఒక కథ. ఆ వంశంలోని వాళ్లే పుస్తకానికెక్కించారు. చరిత్రకారులు దాన్ని నమ్మరు. టెకమ్‌సేను మనిషిగా తీర్చిదిద్దిన స్త్రీ ఎవరని వెతకడానికి తెల్ల ఇంటి దాకా పోవాల్సిన పని లేదు. అతని ఇంట్లోనే ఉంది.

టెకమపీస్ గురించి తెలిసింది ఇద్దరు ముగ్గురి వల్ల. ఒకరు స్టీఫెన్ రడెల్. 1780లో కెంటకీలో పన్నెండేళ్లప్పుడు పట్టుబడి, షానీ ఇంట్లో పెంపుడు కొడుకుగా పదిహేనేళ్లు పెరిగి, తిరిగి వెళ్లి బాప్టిస్ట్ బోధకుడైనవాడు. టెకమ్‌సే ఈడువాడు, అన్నదమ్ముల్లా తిరిగారు. ఇంకొకరు ఆంథొనీ షేన్, షానీ రక్తం ఉన్నవాడు, తెగలోనే బతికినవాడు. అతని భార్య టెకమ్‌సేకు చుట్టం. వీళ్లు చెప్పినదాన్ని బట్టి డ్రేక్ పుస్తకంలో అక్క రూపం ఇలా తేలుతుంది. ఆమె వివేకం ఉన్న మనిషి. దయ గలది. నడవడిలో వేలెత్తి చూపించుకోలేదు. తెగలోని ఆడవాళ్ల మీద ఆమె మాటకు గట్టి పట్టు ఉండేది. టెకమ్‌సేకు ఆమె అంటే ఎనలేని ప్రేమ, అంతకు మించి గౌరవం. వేట నుంచి, యుద్ధం నుంచి వచ్చినప్పుడల్లా విలువైన కానుకలు తెచ్చి ఇచ్చేవాడు.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా దాచకూడదు. ప్రవక్త జీవితాన్ని రాసిన చరిత్రకారుడు డేవిడ్ ఎడ్మండ్స్, అక్క ప్రేమంతా టెకమ్‌సే మీదే కురిసిందని, చిన్నవాడు లాలవెథికా పక్కన పడ్డాడని అంటాడు. ఆ పిల్లవాడు చిన్నప్పుడే బాణంతో ఆడుకుంటూ కుడికన్ను పోగొట్టుకున్నాడు. వేటలో వెనకబడ్డాడు. పెద్దయ్యాక సారాకు బానిసయ్యాడు. గొప్పలు చెప్పుకునేవాడని అతని పేరులోనే ఎగతాళి ఉంది, లాలవెథికా అంటే గలగల చప్పుడు చేసేవాడని అర్థం. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల, చుట్టూ యుద్ధం, చేతిలో ఇద్దరు. ఒకడు చురుకైనవాడు, ఇంకొకడు మొండివాడు. ఇద్దరికీ సమానంగా పంచలేకపోయిందంటే అది ఆమెను తక్కువ చెయ్యదు. పిల్లల్ని పెంచిన ఏ ఇల్లాలికైనా ఆ కష్టం తెలుసు. పైగా 1805లో ఆ చిన్నవాడు స్పృహ తప్పి, చనిపోయాడని అందరూ అనుకున్నాక లేచి కూర్చుని, సారా ముట్టకండి, తెల్లవాళ్ల అలవాట్లు మానండి అని బోధించడం మొదలుపెట్టినప్పుడు, వేల మంది విన్నారు.

షానీల్లో ఆడవాళ్ల మాటకు ఇంత విలువ ఎక్కడిది? అది వ్యక్తుల మంచితనం మీద ఆధారపడిన సంగతి కాదు. వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. ప్రతి ఊళ్లోనూ మగ నాయకులతో పాటు ఆడ నాయకులు ఉండేవారు. యుద్ధానికి ఒకరు, శాంతికి ఒకరు. వీళ్లు సాధారణంగా మగ నాయకుల తల్లులో అక్కచెల్లెళ్లో అయ్యేవారు. నాట్లు ఎప్పుడు వెయ్యాలో, ఊరి విందు ఎప్పుడో చెప్పేది వీళ్లే. విందులో కూడా వంట పంచుకునేవారు. మాంసం యుద్ధ నాయకురాలి వైపు, తెల్ల మొక్కజొన్న, కూరగాయలు శాంతి నాయకురాలి వైపు. యుద్ధం నుంచి బందీలను తెస్తున్నారన్న కేక వినపడగానే ఆడవాళ్లు ఊరి బయటకు పరుగెత్తేవారు. శాంతి వైపు స్త్రీలు ముందుగా వెళ్లి బందీని చేత్తో తాకితే వాడు బతికాడు. ఇంకో వర్గం స్త్రీల చెయ్యి ముందు పడితే వాడికి చావే. ఒక పరుగు పందెంలో ఒక ప్రాణం. పిల్లల్ని పోగొట్టుకున్న ఇంటికి ఆ బతికినవాణ్ణి పెంచుకోవడానికి ఇచ్చేవారు. రడెల్ బతికి కథ చెప్పాడంటే ఇలాంటి ఆచారం ఉన్న ఊళ్లలో పెరిగాడు కాబట్టే.

టెకమ్‌సేకు పదిహేను, పదహారేళ్లు ఉన్నప్పుడు ఒహాయో నది మీద పడవలపై దాడి జరిగింది. దొరికిన ఒక బందీని తోటివాళ్లు సజీవంగా కాల్చారు. ఆ కుర్రవాడు అది చూసి తట్టుకోలేక, ఇది మగతనం కాదని పెద్దవాళ్ల ముందే నిలబడి వాదించాడు. ఇకమీద ఇలాంటి పని చెయ్యబోమని వాళ్లచేత ఒప్పించాడు. రడెల్ స్వయంగా చెప్పిన సంగతి ఇది. ముప్పై ఏళ్ల తర్వాత, 1813 మేలో ఫోర్ట్ మెగ్స్ దగ్గర పట్టుబడిన అమెరికా సైనికులను తన వైపువాళ్లే నరుకుతుంటే గుర్రం మీద దూసుకొచ్చి ఆపింది కూడా అతనే. శత్రువులు సైతం దీన్ని మెచ్చుకున్నారు, అయితే ఏదో అడవి మనిషిలో పుట్టిన వింత గుణమన్నట్టు రాశారు. వింతేం లేదు. ఆ తెగలో బందీ ప్రాణం కోసం అడ్డుపడటం స్త్రీల పదవి. ఆ కుర్రవాడు పెరిగింది స్త్రీలు మాట వినే అక్క చేతుల్లో.

ఆడ నాయకుల్లో బాగా పేరు మోసినది ఇంకొకరున్నారు, నోన్‌హెలీమా. పాయింట్ ప్లెజెంట్‌లో షానీలను నడిపిన కార్న్‌స్టాక్ చెల్లెలు. ఆరడుగులు మించిన మనిషని నాటి తెల్లవాళ్లు రాసుకున్నారు. సియోటో నదికి దగ్గర్లో, ఇప్పటి సర్కిల్‌విల్ పక్కన, ఆమెకంటూ ఒక ఊరు ఉండేది. ఆవిడ దారి టెకమపీస్ దారికి పూర్తిగా ఎదురు. అమెరికా వాళ్లతో సఖ్యంగా ఉంటేనే తెగ బతుకుతుందని నమ్మింది. 1777 నవంబరులో శాంతి మాట్లాడటానికి ఫోర్ట్ రాండాల్ఫ్‌కు వెళ్లిన అన్నను, అతని కొడుకును అక్కడి సైనికులే కాల్చి చంపారు. అయినా ఆమె నమ్మకం సడల్లేదు. మరుసటి ఏడు గ్రీన్‌బ్రయర్ లోయ మీదికి దాడి వస్తోందని తెలిసి, ఇద్దరు తెల్ల సైనికులకు ఆదివాసీ వేషం వేసి, రంగులు పూసి పంపింది. వాళ్లు వెళ్లి ఫోర్ట్ డానలీని హెచ్చరించబట్టి ఆ కోట నిలిచింది. 1785లో ఆమె తన పాత ఊరి దగ్గర కొంత నేల ఇప్పించమని అమెరికా కాంగ్రెస్‌కు అర్జీ పెట్టుకుంది. నేల ఇవ్వలేదు, రోజూ ఇంత రేషనూ ఏడాదికి ఒక జత బట్టలూ ఇస్తామన్నారు. ఆ మరుసటి ఏడే లోగన్ సైన్యం వచ్చింది. అమెరికా జెండా ఎగరేసి, సంధి కాగితం చేత్తో పట్టుకుని నిలబడిన ముసలి నాయకుడు మొలంతాను ఒక సైనికాధికారి గొడ్డలితో నరికాడు. నోన్‌హెలీమా బందీ అయింది. కలిసి ఉందామన్న స్త్రీకి, ఎదిరించి ఉందామన్న స్త్రీకి చివరకు ఒకే నేల పోయింది.

ఆ సియోటో నది ఇప్పుడు కొలంబస్ నగరం నడిబొడ్డున పారుతుంది. అక్కడా, పక్కనున్న డబ్లిన్‌లోనూ ఎన్నో తెలుగు కుటుంబాలు ఉంటున్నాయి. పిల్లల్ని బడికి దింపుతూ, ఆఫీసుకు పోతూ ఆ నది వంతెన దాటుతుంటారు. అక్కడి నుంచి కారులో గంట ప్రయాణం చేస్తే జీనియా ఊరి పక్కన పాత చిలికాతీ స్థలం వస్తుంది. 2024లో అక్కడ గ్రేట్ కౌన్సిల్ స్టేట్ పార్క్ తెరిచారు. షానీల సభాగృహం ఆకారంలో కట్టిన ఆ భవనానికి ఇప్పటి మూడు షానీ తెగల ప్రతినిధులు సలహాలిచ్చారు. ఆ తెగల ఊళ్లు మాత్రం ఒహాయోలో లేవు. 1830ల్లో వాళ్లలో చాలామందిని మిసిసిపీ అవతలికి తరిమారు, ముందు కాన్సస్‌కు, తర్వాత ఓక్లహోమాకు. ఇప్పుడు మూడు తెగల కేంద్రాలూ ఓక్లహోమాలోనే ఉన్నాయి. ఆ వంతెన దాటే తెలుగు పిల్లలకు ఒకసారి ఈ అక్క కథ చెప్పాలి. వాళ్లు నివసిస్తున్న నేల కథ అది.

యుద్ధాల సంగతి వేగంగా దాటేయవచ్చు, అవి అన్ని పుస్తకాల్లోనూ ఉన్నాయి. 1791 నవంబరులో షానీలు, మయామీలు కలిసి సెయింట్ క్లెయిర్ సైన్యాన్ని తుడిచిపెట్టారు, ఆరు వందలకు పైగా అమెరికా సైనికులు ఒక్క ఉదయంలో చనిపోయారు. 1794లో ఫాలెన్ టింబర్స్‌లో ఓడారు. 1795 గ్రీన్‌విల్ సంధితో ఒహాయోలో సింహభాగం పోయింది. ఆ కాగితం మీద టెకమ్‌సే సంతకం చెయ్యలేదు. ఆ రోజుల్లోనే అతనికి మమాటే అనే భార్య వల్ల ఒక కొడుకు పుట్టాడు, పౌకీసా. తల్లి కొద్దికాలానికే పోయింది. పసివాడు ఎవరి ఒడికి చేరాడో ఊహించడం కష్టం కాదు. మేనత్త ఒడికి. ఒకసారి తమ్ముణ్ణి పెంచిన చేతులు ఇప్పుడు తమ్ముడి కొడుకును అందుకున్నాయి.

అప్పటికి టెకమపీస్‌కు నలభై దగ్గర పడుతున్నాయి. ఆమె భర్త వాసెగొబోవా. ఆ పేరుకు చెక్కుచెదరక నిలబడేవాడని అర్థం. అతను బావమరిది పక్కన చివరిదాకా అలాగే నిలబడ్డాడు.

1808లో అన్నదమ్ములు వాబాష్, టిపెకనూ నదులు కలిసే చోట కొత్త ఊరు కట్టారు. దానికి ప్రాఫెట్స్‌టౌన్ అని పేరు. రకరకాల తెగల జనం వచ్చి చేరారు. వచ్చినవాళ్లందరికీ తిండి ఎక్కడిది? ఆ మొదటి చలికాలమే ఆకలి, రోగం కలిసి ఎంతోమందిని తీసుకుపోయాయి, ముఖ్యంగా ఉత్తరాది నుంచి వచ్చిన ఒటావాలు, ఒజిబ్వాలు. తెగలన్నిటినీ కలిపే మహా ఆశయం చివరకు మొక్కజొన్న గాదె లోతుతోనే కొలతకు వచ్చింది. టెకమ్‌సే రాయబారాలకు వందల మైళ్లు తిరుగుతుంటే ఆ గాదె నింపుతున్నది ఆడవాళ్లు. 1811 నవంబరు 7న టిపెకనూ దగ్గర పోరు జరిగింది. అప్పుడు టెకమ్‌సే దక్షిణాదిన ఉన్నాడు. మర్నాడు అమెరికా సేనాని హారిసన్ సైన్యం ఖాళీ అయిన ఊరిలోకి వచ్చి ఇళ్లూ, నిల్వ చేసిన గింజలూ తగలబెట్టింది. 1780లో పికవేలో మొదలైన పనే మళ్లీ.

తర్వాత 1812 యుద్ధం. టెకమ్‌సే బ్రిటిష్ వాళ్ల పక్షాన నిలిచాడు. డెట్రాయిట్ చేజిక్కింది, మళ్లీ చెయ్యి జారింది. 1813 సెప్టెంబరు చివర బ్రిటిష్ సేనాని ప్రాక్టర్ థేమ్స్ నది వెంట కెనడా లోపలికి వెనక్కి తగ్గడం మొదలుపెట్టాడు. సైన్యం వెంట, ముందూ వెనుకా, తెగల కుటుంబాలు కూడా నడిచాయి. అక్టోబరు 5న ఒక చిత్తడి నేల పక్కన పోరు జరిగింది. బ్రిటిష్ వరుసలు చప్పున చెదిరిపోయాయి. దాదాపు ఐదు వందల మంది యోధులతో టెకమ్‌సే ఆగాడు. ఆ సాయంత్రానికి అతను లేడు. అతని శవాన్ని తెల్లవాళ్లు గుర్తుపట్టలేకపోయారు. వాసెగొబోవా కూడా అదే పోరులో పడిపోయాడు. ఒకే మధ్యాహ్నం ఒక స్త్రీ భర్తనూ, కొడుకులా పెంచుకున్న తమ్ముణ్ణీ పోగొట్టుకుంది.

మిగిలినవాళ్లు ఒంటారియో సరస్సు మొదలు దాకా నడిచి, బ్రిటిష్ వాళ్లు పెట్టిన రేషన్‌తో ఆ చలికాలం గడిపారు. 1814లో టెకమపీస్ తెగ మనుషులు కొందరితో కలిసి క్యూబెక్ వెళ్లింది. గవర్నర్ జనరల్ సర్ జార్జ్ ప్రెవో ఆ బృందాన్ని కలుసుకున్నాడు. ఆమెకు పరామర్శ కానుకలు అందాయి. తూర్పు తెగల్లో దీనికి ఒక పెద్ద మర్యాద ఉంది. దుఃఖంలో ఉన్నవాళ్ల కళ్లు తుడవాలి, పూడుకుపోయిన గొంతు తెరవాలి, మూసుకుపోయిన చెవులు శుభ్రం చెయ్యాలి. అప్పుడే వాళ్లు మళ్లీ చూడగలరు, మాట్లాడగలరు, వినగలరు. మాట ఒక్కటే చాలదు, ప్రతి మాటకూ ఒక వస్తువు పక్కన పెట్టాలి. చావు జరిగిన ఇంటికి వెళ్లి గుమ్మంలో కాసేపు మౌనంగా కూర్చుని వచ్చే జనానికి ఈ మర్యాద అర్థం చెప్పనక్కర్లేదు. బ్రిటిష్ ప్రభుత్వానికి ఆ కానుకల వెనక రాజకీయం ఉండనే ఉంది, తెగలు చెయ్యి దాటిపోకూడదు మరి. అయినా ఒక సామ్రాజ్యపు ప్రతినిధి తన మిత్రుడి చావుకు పరామర్శ ఎవరికి చెప్పాలో వెతికినప్పుడు, ఆ అక్కకు కూడా చెప్పాడు. తెగ దృష్టిలో టెకమ్‌సేకు దగ్గరివాళ్లెవరో ఆ రోజు లోకానికి తెలిసింది.

ఆ డిసెంబరులో బ్రిటన్, అమెరికాలు గెంట్‌లో సంధి చేసుకున్నాయి. ఆదివాసీలకు విడిగా ఒక రాజ్యం అన్న మాట బల్ల మీదకు వచ్చి, జారిపోయింది. యుద్ధం ముగిశాక టెకమపీస్ క్యూబెక్ నుంచి డెట్రాయిట్ పరిసరాలకు తిరిగి వచ్చింది. కొద్దికాలానికే అక్కడ కన్నుమూసింది.

ఆమె పోయాక కొన్నేళ్లకు, 1824లో, అదే డెట్రాయిట్‌లో ఒక యువకుడు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. పేరు చార్లెస్ ట్రోబ్రిడ్జ్. షానీల ఆచారాలు, సంప్రదాయాలు రాసుకు రమ్మని మిచిగన్ గవర్నర్ లూయిస్ కాస్ పురమాయించాడు. అతని ఎదుట కూర్చుని చెబుతున్నది టెన్స్‌క్వాటవా. నాలుగేళ్లప్పుడు అక్క చేతికి వచ్చిన ఒంటికన్ను తమ్ముడు, అప్పటికి యాభైకి దగ్గరపడ్డవాడు. ఇంట్లో అన్నలు పోయారు, ఊళ్లు పోయాయి. ఆ రాతప్రతి అచ్చవడానికి ఇంకా నూట పదిహేనేళ్లు పట్టింది.

అందులో ఆడ నాయకుల గురించి అడిగిన చోట అతను విడమరిచి చెప్పాడు. యుద్ధ నాయకుడు అనవసరంగా నెత్తురు పారించడానికి బయలుదేరితే శాంతి నాయకురాలు అతని దగ్గరకు నడిచి వెళ్తుందట. బిడ్డను మోసిన బరువు, కన్న నొప్పి, పెంచిన ఆరాటం ఒక్కొక్కటిగా అతని ముందు పెడుతుందట. నీ శత్రువులకూ తల్లులున్నారు, ఏ పాపం ఎరగనివాళ్లను వదిలెయ్ అని అడుగుతుందట. ఆమె అంతదూరం వచ్చి అడిగాక ఆ మాట కాదన్నవాళ్లు అరుదని ఆ తమ్ముడు చెబుతుంటే, ట్రోబ్రిడ్జ్ రాసుకున్నాడు.